ఏసుపాదం చేయని తప్పు

ఇన్నేళ్లుగా నేను మోస్తున్నది ఒక తాబేలు శవం. ఆ రోజు ఎత్తి దోనెలో వేసినప్పుడు ఎంత బరువుందో ఇప్పటికీ అంతే బరువుంది.

నవ్వకండి. ఇంకెవరైనా చెబితే నేనూ నవ్వేవాణ్ణే. మనిషిని చంపలేదు, ఎవరి కొంపా కూల్చలేదు, తాబేలట, దానికి ఇంత రాద్ధాంతమా అనేవాణ్ణి. కానీ ఆ తాబేలు కింద ఒక మనిషి నలిగిపోయాడు. అతని పేరు ఏసుపాదం. నా పేరు మాత్రం చెప్పను. చూశారా, ఇప్పటికీ అతని పేరే బయటపెడుతున్నాను, నాది దాచుకుంటున్నాను. ఛీ, ఏం బతుకు ఇది?

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. తెలిసినవాళ్లెవరికీ చెప్పలేకపోయాను కాబట్టే మీకు చెబుతున్నాను.

నన్ను కొల్లేటి ఊళ్లల్లో చేపల డాక్టరు అనేవారు. నిజానికి నాది డాక్టరు చదువేమీ కాదు. ఏలూరులో జంతుశాస్త్రంతో డిగ్రీ అయిందనిపించి, భీమడోలులో చేపల చెరువుల మందుల షాపు పెట్టుకున్నాను. ఎవరి చెరువులో చేప తల తేలేసినా నాకే కబురు వచ్చేది. గట్టు మీద నిలబడి, నీళ్లు అరచేతిలోకి తీసుకుని, వాసన చూసి, ఫలానా మందు కొట్టండి అనేవాణ్ణి. తగ్గితే నా గొప్ప, తగ్గకపోతే చెరువు ఖర్మ. జనం అలా నమ్మేవారు. నమ్మగా నమ్మగా నేనూ నమ్మాను.

తర్వాత సరస్సును ఆక్రమించి తవ్వారని, ప్రభుత్వం వాళ్లు కొల్లేటిలో చెరువుల గట్లు కొట్టేశారు. నా వ్యాపారం సగానికి పడిపోయింది. మా ఊరి చివర నాకో చేపపిల్లల షెడ్డు ఉండేది, సిమెంటు తొట్లతో. అదీ ఖాళీ అయిపోయింది. గట్లు తెగిన చెరువుల బురదలో తాబేళ్లు ఇరుక్కుపోయేవి, నైలాను వలల్లో కొంగలు కాళ్లు తెగి వేలాడేవి. వాటిని తెచ్చి ఆ తొట్లలో పెట్టి, గాయాలకు మందు రాసి, కోలుకున్నాక వదిలేయడం మొదలుపెట్టాను. జాలితోనేనా? జాలి లేదని అనను. కానీ చేతిలో పని లేని చేపల డాక్టరుకు మళ్లీ నలుగురూ నమస్కారం పెట్టడం మొదలైంది, అది కూడా ఉంది. పేపరువాళ్లు ఒకసారి ఫోటో వేశారు. అందులో నేను నవ్వుతూ ఉన్నాను. తాబేలును కింద నుంచి పట్టుకున్న ఏసుపాదం చెయ్యి మాత్రం ఫోటోలో పడింది, మనిషి పడలేదు.

ఏసుపాదం ఆ షెడ్డుకు కాపలా. నాకన్నా పదేళ్లు పెద్ద. అయినా అతను నన్ను బాబూ, మీరు అనేవాడు, నేను అతన్ని నువ్వు అనేవాణ్ణి. ఇద్దరిదీ ఒకటే సంఘం, ఒకటే గుడి. మా తాతగారు మిషను బడిలో పంతులు, వాళ్ల తాత ఆ బడికి గంట కొట్టేవాడు. ఆ తేడా మా దాకా అలాగే వచ్చింది. మనిషి మాత్రం హాస్యగాడు. దేన్ని చూసినా ఏదో ఒక వేళాకోళం ఆడకుండా ఉండలేడు. చివరికి ఆ వేళాకోళమే అతని మెడకు చుట్టుకుంది.

ఆ వేసవి మొదటినుంచీ నాకు ఎందుకో బాగోలేదు. కొల్లేరు వెనక్కి పోయి, నేల బీటలు వారి, చచ్చిన చేపల కంపు ఊళ్లోకి వచ్చేది. పక్షులు ముందే లేచిపోయాయి. కొల్లేటి నీళ్లను సముద్రానికి తీసుకుపోయే ఉప్పుటేరులో సముద్రమే ఎదురెక్కి లోపలికి వచ్చింది. బోరు నీళ్లు కూడా నోట్లో పెట్టుకోలేనంత ఉప్పగా మారాయి. ఆ నీళ్లతోపాటు ఒక సముద్రపు తాబేలు వచ్చింది.

వేటకు వెళ్లినవాళ్లు దాన్ని వలతో సహా ఆటోలో వేసుకుని తెచ్చారు. మా కొల్లేటి తాబేళ్లు జానెడు, మహా అయితే మూరెడు. ఇది గంపంత ఉంది. కాళ్లు తెడ్లలా ఉన్నాయి. ముందు కాలికి నైలాను తాడు చుట్టుకుని ఎముక దాకా కోసేసింది. అటవీశాఖ వాళ్లకు ఫోను చేస్తే, గాయం కాస్త మానేదాకా జాగ్రత్తగా ఉంచండి, జీపు పంపి సముద్రానికి తీసుకెళ్తాం అన్నారు. నా చేతికి అప్పగించారు. అలా అప్పగించినప్పుడు నేను ఎంత పొంగిపోయానో చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

ఏసుపాదం రాళ్లుప్పు బస్తాలు తెచ్చి తొట్టిలో పోశాడు. వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని, "సరిపోయిందండీ, పులుసు పెట్టుకోవచ్చు" అన్నాడు. దానికి పీతలు, చిన్న చేపలు పట్టుకొచ్చి పెట్టేవాడు. ఊళ్లో ఆడవాళ్లు కూర్మావతారం అని వచ్చి దాని వీపు మీద పసుపు కుంకుమ వేసి వెళ్లేవారు, మా వాడు గొణుక్కుంటూ తడిగుడ్డతో తుడిచేవాడు. దాని కళ్లలోంచి చిక్కగా నీళ్లు కారుతుంటే ఇల్లు గుర్తొచ్చి ఏడుస్తోందన్నాడు. ఏడుపు కాదు, ఒంట్లో ఉప్పు అలా బయటికి పోతుందని నేను పాఠం చెప్పాను. "మనమూ ఉప్పునీళ్లే ఏడుస్తాం గదండీ బాబూ" అని నవ్వాడు. టీ కొట్టు దగ్గర మాత్రం వేరే పాట. దీన్ని వండితే ఊరంతటికీ సరిపోతుంది, నాకు మెడకాయ మాత్రం ఉంచండని అందరినీ నవ్వించేవాడట. ఆ మాట విన్నవాళ్లు చాలామంది ఉన్నారు.

గాయం మానుతోంది. సోమవారం జీపు వస్తుందని, పేపరువాళ్లు కూడా వస్తారని కబురు వచ్చింది. శనివారం సాయంత్రం షెడ్డుకు వెళ్లి చూస్తే తాబేలు ఒక పక్కకు ఒరిగి తేలుతోంది. మునగలేకపోతోంది. ఏసుపాదం పీతల కోసం కాలవకు వెళ్లాడు. నేను వంగి చూశాను. మెడ మడతల్లో, కాళ్ల మొదట్లో నల్లగా ఏవో కదులుతున్నాయి. పేను అనుకున్నాను.

మా చెరువులవాళ్లకు పేను అంటే పై ప్రాణాలు పైనే పోతాయి. చేపకు పట్టిందంటే ఒళ్లంతా పీల్చేస్తుంది, చేప చిక్కి శల్యమై, చెరువుకు చెరువు ఖాళీ అవుతుంది. పేను కనబడగానే మందు కొట్టాలి. ఆలోచించేది లేదు. షెడ్డు మూలన పేను మందు సీసా ఉంది. మూత తీశాను, తొట్టిలో పోశాను. ఎంత పోశాను? కొలవలేదు. ఎకరాల లెక్కన చెరువుల్లో మందు కొట్టిన చెయ్యి అది. దానికి తొట్టి ఎంత? చెయ్యి అలవాటు కొద్దీ వంగింది, అంతే. పైగా అది పేనో, జలగో, సముద్రంలో దాన్ని అంటిపెట్టుకున్న మరేదో కూడా నాకు తెలియదు. సముద్రపు తాబేలును నేను పుట్టి బుద్ధెరిగాక చూడటం అదే మొదలు. జేబులో ఫోనుంది. అడగడానికి నంబరుంది. ఎందుకు అడగలేదు? అడిగితే చేపల డాక్టరుకు తెలియదని తేలిపోతుంది కదా. ఇన్నేళ్లు ఎన్ని రకాలుగా తిప్పి చూసుకున్నా ఇంతకన్నా పెద్ద కారణం దొరకలేదు.

ఏసుపాదం తిరిగొచ్చేలోగా నేను ఇంటికి వెళ్లిపోయాను. మందు పోసిన మాట అతనికి చెప్పలేదు. చెప్పాల్సినంత విషయం అనిపించలేదు. షెడ్డులో ఎప్పుడూ ఏదో ఒక మందు వాసన ఉండేదే.

ఆదివారం పొద్దున్నే మనసు ఆగక వెళ్లాను. ఆదివారాలు ఏసుపాదం షెడ్డుకు తాళం వేసి, ఇంటికెళ్లి స్నానం చేసి, తెల్ల చొక్కా వేసుకుని గుడికి వస్తాడు. తాళంచెవులు రెండు. ఒకటి అతని మొలతాడుకు, ఒకటి నా జేబులో. తాళం తీసి లోపలికి వెళ్లాను. తాబేలు మెడ బయటికి చాచి, కళ్లు తెరుచుకుని తేలుతోంది. తట్టాను. ఇంకా గట్టిగా తట్టాను. అది కదల్లేదు.

అప్పుడైనా పరవాలేదు. తప్పు జరిగింది, మందు ఎక్కువైంది అని ఉంటే నాలుగు తిట్లు తినేవాణ్ణి, సంజాయిషీ ఇచ్చుకునేవాణ్ణి, పేపర్లో ఇంకో రకంగా పడేవాణ్ణి. అంతే కదా? అంతే. కానీ ఆ నిమిషంలో నాకు కనబడింది మర్నాడు వచ్చే జీపు ఒక్కటే. ఆ శవాన్ని గోనెల్లో చుట్టి, ఈడ్చి, షెడ్డు వెనక కాలవలో కట్టి ఉన్న తాటిదోనెలోకి ఎలా ఎత్తానో నాకే తెలియదు. కిక్కిస రెల్లు గుబురుగా ఉన్న చోటికి తోసుకెళ్లాను. రాళ్లు కట్టి ముంచాను. ఒకసారి తేలింది. మళ్లీ ముంచాను. చుట్టుపక్కల ఒక్క పిట్ట కూడా అరవలేదు. వెనక్కి వచ్చి తొట్టి నీళ్లు వదిలేసి, కడిగేశాను. తాళం తీసి గడియకు తగిలించి, తలుపు ఓరగా వదిలేశాను.

ఇక్కడ ఆగాలి. ఇది నిజం చెప్పాల్సిన చోటు. తలుపు ఎందుకు వదిలేశాను? ఎవరో దొంగలు ఎత్తుకుపోయారనుకుంటారులే అనుకున్నాను, అని నాకు నేను చాలాకాలం చెప్పుకున్నాను. పగలని తాళం చూసి జనం ఎవరిని అనుమానిస్తారో నాకు తట్టలేదా? తట్టింది. చెయ్యి గడియ మీద ఉండగానే తట్టింది. అయినా తలుపు అలాగే వదిలి వెళ్లాను. మందు పోయడం పొరపాటు. ఇది పొరపాటు కాదు.

ఆ రోజు నెల మొదటి ఆదివారం. మా గుడిలో బల్ల ఇచ్చే రోజు, రొట్టె, ద్రాక్షరసం. నేను ఆలస్యంగా వెళ్లి కూర్చున్నాను. ఏసుపాదం నాకు రెండు వరసల వెనక ఉన్నాడు. సబ్బుతో ఎంత రుద్దినా చేతికి మందు వాసన పోలేదు. ఆ చేత్తోనే రొట్టె తీసుకుని నోట్లో పెట్టుకున్నాను.

గుడి అయ్యాక అతనే రొప్పుతూ మా ఇంటికి పరిగెత్తుకొచ్చాడు. తాబేలు లేదన్నాడు. తాళం వేసే వెళ్లానని ఒట్టు పెట్టాడు. నేను ఆశ్చర్యపోయాను. బాగానే ఆశ్చర్యపోయాను. అంత నటన నాలో ఉందని అప్పుడే తెలిసింది.

సోమవారం జీపు వచ్చింది. ఊరంతా షెడ్డు ముందు పోగయింది. పగలగొట్టని తాళం చూడగానే ఆఫీసరు ఏసుపాదం వైపు తిరిగాడు. టీ కొట్టు దగ్గరి మెడకాయ మాట ఎవరో అందించారు. ఇంకెవరో అవునండీ, మేమూ విన్నాం అన్నారు. ఏసుపాదం అందరినీ చూసి, చివరికి నన్ను చూశాడు.

"బాబూ, నేనెలాంటోణ్ణో మీకు తెలుసు గదండీ" అన్నాడు. "వేళాకోళానికి అన్నానండీ. బిడ్డలా చూసుకున్నానండీ దాన్ని. మీరొక్క ముక్క చెప్పండి."

ఆఫీసరు నా వైపు చూశాడు. అందరూ చూశారు.

"నేనేం చెప్పను ఏసుపాదం?" అన్నాను. "తాళం నీ దగ్గరే ఉంది కదా."

అతను నోరు తెరిచాడు. ఏదో అనబోయాడు. మళ్లీ మూసేశాడు. "ఆయ్" అన్నాడు, అంతే. రెండో తాళంచెవి నా ప్యాంటు జేబులో ఉంది. ఆ సంగతి అతనికి తెలుసు. ఆ జనంలో ఇంకెవరికీ తెలియదు.

అతన్ని ఏలూరు తీసుకెళ్లారు. అడగాల్సినవి అడిగి, రుజువు లేక పంపేశారు. మిగతాది ఊరు చూసుకుంది. నేను అతన్ని పనిలోంచి తీసేశాను. తీయకపోతే జనం ఏమనుకుంటారు? రోజూ భీమడోలులో పాసింజరెక్కి, తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల బస్తాలు మోయడానికి వెళ్లేవాడు. టీ కొట్టు వైపు రావడం మానేశాడు. హాస్యం పోయింది. కొన్నిసార్లు షాపులో కూర్చుని ఉంటే, స్టేషను నుంచి తల వంచుకుని నడిచి వస్తూ కనబడేవాడు. నన్ను చూస్తే ఆగి నమస్కారం పెట్టేవాడు. అతను తిట్టి ఉంటే బాగుండేది.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. తప్పు చేసినవాడికి బల్ల ఆపేస్తారు. సంఘం ముందు నిలబడి ఒప్పుకుంటే, పెద్దలు ఒక్కొక్కరూ లేచి కుడిచెయ్యి ఇచ్చి మళ్లీ చేర్చుకుంటారు. ఏసుపాదానికి బల్ల ఆపారు. చేయలేదు కాబట్టి ఒప్పుకోనన్నాడు. ప్రతి నెలా మొదటి ఆదివారం రొట్టె పళ్లెం బయటికి రాగానే చివరి వరసలోంచి లేచి, బయట చెప్పుల దగ్గర నిలబడేవాడు. వానైనా ఎండైనా అక్కడే. ఆ మధ్యలో నన్ను సంఘ పెద్దను చేశారు. వద్దనలేదు. ఎందుకు వద్దనలేదు? వద్దంటే కారణం అడుగుతారు కదా.

ఏసుపాదం కూతురు కరుణకు పెళ్లి కుదిరింది. పెంటపాడు కుర్రాడు, మంచి సంబంధం. తండ్రికి బల్ల ఆపి ఉండగా గుళ్లో పెళ్లి ఎలా చేస్తామని పెద్దల మీటింగులో మాట వచ్చింది. నేను ఆ మీటింగులో ఉన్నాను. తల వంచుకుని గోళ్లు చూసుకుంటూ కూర్చున్నాను. ఆ తర్వాతి ఆదివారం ప్రసంగం అయ్యాక ఏసుపాదం తనంతట తానే లేచి ముందుకు వచ్చాడు. ఆ తెల్ల చొక్కాయే. చేతులు కట్టుకున్నాడు. తాబేలును చంపింది నేనే, కోసి అమ్మాను, దేవుడూ సంఘమూ క్షమించాలి అన్నాడు. కంఠం వణకలేదు. అప్పజెప్పినట్టు చెప్పాడు. వెనక ఆడవాళ్ల వరసలో అతని భార్య చెంగు నోట్లో కుక్కుకుంది.

పెద్దల్లో ఒకాయన, ఎవరికమ్మావు అని అడిగాడు. ఏసుపాదం తెల్లమొహం వేశాడు. ఆ జవాబు అతను తయారు చేసుకుని రాలేదు. లేనిది ఎక్కణ్ణుంచి తెస్తాడు? ఇంకో నిమిషం అలా నిలబడితే అతను అబద్ధం ఆడుతున్నాడని గుడి మొత్తానికీ తెలిసిపోయేది. నిజం దానంతట అదే బయటపడబోయింది. దాని నోరు నొక్కింది నేనే. లేచి, "పోనీండి, ఎవరికైతే ఏం, ఒప్పుకున్నాడు కదా" అన్నాను. ఎంత మంచి మనిషో అన్నట్టు జనం నా వైపు చూశారు. పాస్టరుగారు ఆమెన్ అన్నారు.

తర్వాత పెద్దలం వరసగా లేచాం. నా వంతు వచ్చింది. కుడిచెయ్యి చాచాను. అతని చెయ్యి బస్తాలు మోసి గరుకుదేరి ఉంది. నా చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని, "మీ మేలు మర్చిపోనండీ బాబూ" అన్నాడు. నా కళ్లలోకి చూశాడు. ఆ చూపులో ఏముంది? నిజంగానే కృతజ్ఞతా? లేక, నాకు తెలుసు, అయినా పోనివ్వండి అనా? తెలిసే, కూతురి కోసం నన్ను వదిలేశాడా? ఎన్ని రాత్రులు ఆ చూపు తలుచుకున్నా తేల్చుకోలేకపోయాను. ఇక అతన్ని అడగడానికీ లేదు.

ఏసుపాదం పోయాడు. మొన్నీమధ్యే. పెట్టెకు ఒక పక్క నేనూ భుజం పట్టాను, పెద్దను కదా. పాస్టరుగారు సమాధి దగ్గర ఒప్పుకోలు గురించే చెప్పారు. పాపం చేసినవాళ్లు చాలామంది, ఈ సహోదరుడిలా ఒప్పుకున్నవాళ్లు కొద్దిమంది అన్నారు. జనం తలలూపారు. నా కాళ్ల కింద మట్టి తడిగా ఉంది, జారి ఆ గోతిలో పడతానేమో అనిపించింది.

అందరూ వెళ్లాక కరుణ నా దగ్గరకు వచ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"అంకుల్, మా నాన్న తప్పు చేశాడండీ, కాదనను. కానీ నలుగురిలో నిలబడి ఒప్పుకున్నాడండీ. అంత ధైర్యం ఎంతమందికి ఉంటదండీ?"

అవునమ్మా అన్నాను. అది కూడా అన్నాను.

తండ్రి దొంగ అని నమ్మి, ఒప్పుకున్న దొంగ కదా అని దాంట్లోంచే కాస్త గౌరవం ఏరుకుని బతుకుతోంది ఆ పిల్ల. ఆమెకు చెప్పాలి. ఆమెకే చెప్పాలి. వాళ్ల వీధి మొదటిదాకా వెళ్లి రెండుసార్లు వెనక్కి వచ్చేశాను. ఆమె నన్ను క్షమించాలని కాదు. క్షమించకూడదు కూడా. ఈ కాగితాల మీద ముందు ఒకసారి పైకి అనగలిగితే, అక్కడ కూడా నోరు పెగులుతుందేమోనని రాస్తున్నాను. రాస్తుంటే చెయ్యి కాస్త తేలికైంది. ఆ తేలికకు కూడా సిగ్గేస్తోంది. అయినా ఆపను.

తొట్టిలో పేను మందు పోసింది నేను. తాబేలును చంపింది నేను. కిక్కిసలో ముంచింది నేను, తలుపు తీసి వదిలింది నేను, తాళం నీ దగ్గరే ఉంది కదా అన్నది నేను.

ఏసుపాదం ఆ ఆదివారం పొద్దున ఇంటికెళ్లి, స్నానం చేసి, గుడికి వచ్చాడు. అతను చేసిందల్లా అంతే.